కళ్ళజోళ్ళ షాపు మీద రెండు గదులు

కళ్ళు మూసుకోండి అన్నారు మామయ్య, మూసుకున్నాను, కానీ మూసిన రెప్పల వెనక నాకు కనిపిస్తున్నది ప్రభువు కాదు, ఒక మెట్లదారి. ఇరుకుగా, నిట్టనిలువుగా ఉంటుంది, పట్టుకోవడానికి ఒక పక్కే ఇనప కమ్మీ, ఎక్కి వెళితే కుడిచేతి వైపు పచ్చరంగు తలుపు, తలుపు తీస్తే రెండు గదులు, రెండో గది చివర మనదే అయిన ఒక కుళాయి. కింద కళ్ళజోళ్ళ షాపు. ఆ రెండు గదులూ అద్దెకి కావాలో వద్దో ఈ రోజు చీకటి పడేలోగా చెప్పాలి, చెప్పకపోతే అవతల ఇంకెవరో కాచుకుని కూర్చున్నారంది ఇంటావిడ. కావాలని ఆవిడకి చెప్పాలంటే ముందు ఈ ఇంట్లో చెప్పాలి. ఈ ఇంట్లో చెప్పాలంటే ప్రార్థనలోనే చెప్పాలి. ఈ రోజు చెప్పేస్తానని మా ఆయన పొద్దున పళ్ళు తోముకుంటూ నాకు మాటిచ్చారు, నోటినిండా నురగ ఉంది కాబట్టి అది మాటో గుటకో సరిగ్గా తెలియలేదు, తల మాత్రం ఊపారు. మా ఇంట్లో ఒట్లు పెట్టుకోకూడదు, పాపం, అందుకని ఆ తల ఊపుడునే ఒట్టు కింద జమకట్టుకుని ఇప్పుడీ సిమెంటు గచ్చు మీద మోకాళ్ళేసుకుని కూర్చున్నాను.

మోకాళ్ళ కింద చాప ఉంది, ఉన్నా లేనట్టే, ఎందుకంటే ఒక చాప మీద ముగ్గురం, నా వాటాకి వచ్చింది చాప అంచు, ఆ అంచుకున్న కుట్టు నా ఎడమ మోకాలి మీద అచ్చు గుద్దుతోంది. ఈ మధ్యాహ్నం మూడు గంటల ప్రార్థన మామయ్య కనిపెట్టింది. మిగతా కాలాల్లో మాకు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండే. ఎండాకాలం సెలవులిచ్చి పిల్లలందరూ, వాళ్ళతో పాటు బళ్ళో టీచరునైన నేనూ ఇంటిమీద పడేసరికి, మధ్యాహ్నం పూట ఇల్లు సంతలా తయారైందనీ, ఈ ఎండకి ఎవరూ బయటికి పారిపోలేరు కాబట్టి ఇదే అదననీ ఆయన మూడోది పెట్టారు. చిన్నవాళ్ళతో మొదలుపెట్టి పెద్దవాళ్ళ దాకా వరసగా ఒక్కొక్కరూ పైకి ప్రార్థన చెయ్యాలి, చివర మామయ్య ముగించాలి. ఒకరు చేస్తుంటే ఇంకొకరు నోరెత్తకూడదు, కళ్ళు తెరవకూడదు, ఆఖరికి తుమ్మొచ్చినా కొంగులోకి తుమ్మాలి. పెళ్ళయి వచ్చిన కొత్తల్లోనే నాకో సంగతి అర్థమైంది, ఈ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు, దేవుడితో చెప్తారు. ఎదుటివాళ్ళ మొహం మీద అంటే వాళ్ళూ తిరిగి ఒకటి అంటారు, దేవుడి దగ్గర అంటే అందరూ కలిసి ఆమెన్ అంటారు. ఆమెన్ అన్నాక ఇక దాని గురించి గొడవపడటానికి లేదు, అది మామయ్య పెట్టిన రూలు, ఆమెన్ అన్న నోటితో కాదనకూడదు. పెద్ద బావగారు మోటారుసైకిలు కొన్న సంగతి ఇంట్లోవాళ్ళకి అలాగే తెలిసిందట, 'వీధిలో నిలబెట్టిన ఆ కొత్త బండికి నీ కాపుదల దయచెయ్యి తండ్రీ' అన్నారట, అందరూ ఆమెన్ అన్నారట, లేచి కిటికీలోంచి చూస్తే బండి. మా ఆడపడుచు తనకొచ్చిన సంబంధాన్ని కూడా అలాగే తిప్పికొట్టింది, 'ఆ అబ్బాయికి నాకంటే మంచి అమ్మాయిని ఇవ్వు ప్రభువా' అంది, మనసు మంచిదనుకుని అందరూ గట్టిగా ఆమెన్ అనేశారు. అలాంటి ఇంట్లో రెండు గదుల సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంది.

ఇప్పుడు చిట్టి చేస్తోంది, పెద్ద బావగారి ఆఖరి కూతురు, దాని గొంతు సన్నగా గచ్చు మీంచి పాకుతూ వస్తోంది, దానికి మోకాళ్ళ మీద కూర్చోవడం రాదు, బోర్లా పడుకుని చేస్తుంది. 'ప్రభువా, అన్నయ్య నా పుచ్చకాయ ముక్క తినేశాడు. వాడికి కడుపునొప్పి వద్దు. కానీ కొంచెం రానీ. ఆమెన్.' ఆమెన్ అన్నాం అందరం, తిన్నవాడితో సహా. తరవాత మిగతా పిల్లలు, వాళ్ళందరిదీ ఒకటే ప్రార్థన, పరిశుద్ధుడవైన తండ్రీ అని మొదలుపెట్టి ఒక్క ఊపిరిలో రైలు వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోతుంది, మధ్యలో ఏ స్టేషనూ ఉండదు. నా వీపు మీద చెమట చుక్క ఒకటి బయలుదేరింది, జాకెట్టు దాకా వచ్చి ఆగింది. హాలు మధ్యలో ఫ్యాను టిక్కు టిక్కుమంటోంది. హాల్లో ఇదొక్కటే గట్టిగా తిరిగే ఫ్యాను, దాని కింద ఎవరు కూర్చోవాలన్నది ఈ ఇంట్లో వయసును బట్టి ఉంటుంది, నేను దాని కిందికి చేరాలంటే కనీసం ఇద్దరు పరలోకానికి వెళ్ళాలి, అంత దూరం నేను ఆలోచించడం లేదు, క్షమించు తండ్రీ. స్నానాలగదికి కూడా వరసే, తువ్వాలు తీసుకెళ్ళి గుమ్మం పక్క మేకుకి తగిలించాలి, ఎవరి తువ్వాలు ముందుంటే వాళ్ళది ముందు వంతు. పొద్దున నేను నాలుగో తువ్వాలుని, పళ్ళెం కడిగి వచ్చేసరికి ఏడో తువ్వాలునయ్యాను, ఎవరు జరిపారంటే ఎవరూ జరపలేదు, మేకే జరిగిందన్నమాట. అదేదో రాత్రి ప్రార్థనలో దేవుడికి చెప్దామనుకుని మళ్ళీ మర్చిపోయాను. పొద్దున అనుకున్నది రాత్రి దాకా గుర్తుండాలంటే మధ్యలో కాస్త ఖాళీ ఉండాలి కదా, ఈ ఇంట్లో మనిషికి ఖాళీ ఎక్కడిది, ఒకటి అనుకునేలోగా పిన్నీ అని ఒకరు, వదినా అని ఒకరు, అమ్మాయ్ అని ఒకరు.

నవ్వొచ్చేదేమిటంటే మా ఆయన ఏసీలు బాగుచేస్తారు. ఊళ్ళో ఎవరి గదిలో చల్లదనం ఆగిపోయినా ఈయనే నిచ్చెన భుజాన వేసుకుని పరుగెత్తాలి, ఎండాకాలమంతా ఆయన చొక్కాకి దుమ్మూ నూనే కలిసిన ఒక వాసన, ఊరందరినీ చల్లబరిచి ఇంటికొచ్చి ఈ టిక్కుటిక్కు ఫ్యాను కింద ఆఖరి వరసలో కూలబడతారు. ఒకసారి ఎవరో తీసేసిన పాత ఏసీ తెచ్చి మా గదిలో పెట్టారు, మా గది అంటే మంచం, బీరువా పెడితే మనిషి పక్కకి తిరగాల్సిన గది. మొదటిరోజు చిట్టి వచ్చింది, చూసిపోతానంది. తరవాత దాని దిండు వచ్చింది. మూడోరోజుకి మంచం మీద నలుగురు, కింద అయిదుగురు, ఆడపడుచు పరీక్షకి చదువుకోవాలని బీరువాకి ఆనుకుని కూర్చుంది, పెద్ద బావగారు కాసేపు పేపరు చదువుకుని పోతానని వచ్చి గుర్రుపెట్టి నిద్రపోయారు, మా ఆయన నిచ్చెనకి తప్ప అందరికీ చోటు దొరికింది. నేను వెళ్ళి హాల్లో ఖాళీగా ఉన్న ఫ్యాను కింద పడుకున్నాను. పెళ్ళయ్యాక నేను ఆ ఫ్యాను కింద పడుకున్నది అప్పుడే. ఆ తరవాత ఇంటి కరెంటంతా ఒకసారి ఎగిరిపోతే మామయ్య ఏసీని తీయించేశారు, ఒకరు చల్లగా ఉండి మిగతావాళ్ళు చీకట్లో ఉండటం క్రైస్తవం కాదన్నారు.

మా ఇంట్లో, అంటే పుట్టింట్లో, మేం ముగ్గురమే. అమ్మ, నాన్న, నేను. మధ్యాహ్నం పూట గడియారం చప్పుడు వినపడేది, పక్కగదిలో నాన్న కాగితం తిప్పితే అది కూడా వినపడేది. అది ఒంటరితనమని నాకు చిన్నప్పుడు తెలియదు, ఇప్పుడూ అనుకోను. పెద్ద కుటుంబంలోకి వెళ్తున్నావు, అదృష్టవంతురాలివి అన్నారు చర్చిలో అందరూ, నిజమే, నాకు వీళ్ళంటే ఇష్టం లేకపోలేదు, నాకు జ్వరమొస్తే ఆరుగురు నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు, ఆరుగురూ ఆరు రకాల జ్వరం చెప్పారు, వాళ్ళ మంచితనానికి కళ్ళ నీళ్ళొచ్చాయి నాకు, కానీ వాళ్ళలో ఒక్కరైనా కాస్త బయటికి వెళ్తే నిద్రపోదామని కూడా అనిపించింది. రెండూ నిజమే, ఏం చెయ్యమంటారు. పోయిన వారం మందుల షాపుకని చెప్పి ఆయనా నేనూ ఆ గదులు చూడటానికి వెళ్ళాం. ఇంటావిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసినావిడ, మన చర్చావిడే, మెట్లు ముందు తను ఎక్కి తలుపు తీసింది. కింద షాపు అద్దంలో కళ్ళజోళ్ళన్నీ వరసగా మమ్మల్నే చూస్తున్నట్టున్నాయి. ఆయన కుళాయి తిప్పి చూశారు, గోడ తట్టి చూశారు, ఏసీ ఎక్కడ బిగించాలో జానలతో కొలుచుకున్నారు. నేను మాత్రం ముందు గది మధ్యలో నిలబడిపోయాను. ఎండ కిటికీలోంచి పడి నేల మీద చదరంగా ఉంది, ఆ చదరంలో ఎవరి కాళ్ళూ లేవు, ఎవరి బొమ్మలూ లేవు. ఎవరూ నన్ను పిలవలేదు. నేను ఊపిరి తీసుకోవడం నాకే వినిపించింది. ఆ గది నాకు కావాలి ప్రభువా, నిజంగా కావాలి, ఇంత గట్టిగా నేను పెళ్ళికి ముందు పెళ్ళిని కూడా కోరుకోలేదు.

ఒక్కటే భయం, అత్తయ్య. ఈ ఇంట్లోంచి ఇంతవరకూ ఎవరూ వేరే వెళ్ళలేదు, వెళ్ళాలని ఎవరికీ తోచినట్టు కూడా లేదు, ముగ్గురు కొడుకులూ పెళ్ళిళ్ళు చేసుకుని ఒక్కో గదిలో ఒక్కో కుటుంబాన్ని నింపుకున్నారు, వాళ్ళందరి మధ్యలో అత్తయ్య. ఆవిడ కూర్చుని తినగా నేను చూడలేదు, పొయ్యి దగ్గర నిలబడే తింటుంది, ఒక ముద్ద తనకి, ఒక ముద్ద పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డవాళ్ళకి. రాత్రి హాల్లో గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది, చిట్టి ఒక చెయ్యి మీద, ఇంకెవరిదో కాలు ఇంకో చెయ్యి మీద. ఆవిడకి జనం కావాలి, చుట్టూ జనం లేకపోతే ఆవిడకి ఊపిరాడదు, ఇది నేను ఆవిణ్ణి చూసిన మొదటిరోజే తేల్చేసుకున్నాను. అలాంటి మనిషితో మేం వెళ్ళిపోతాం అని చెప్పడమంటే వేళ్ళలో ఒక వేలు ఇమ్మని అడగడమే. అందుకే ఆయన నీళ్ళు నములుతున్నారు, అందుకే నేనూ తోసినట్టు తోసి ఆగుతున్నాను. ఆవిడ ఏడిస్తే నేను చూడలేను. ఏడవకుండా ఊరుకుంటే అది అసలు చూడలేను.

ఆడపడుచు మొదలుపెట్టింది, అంటే తరవాత నేనే. ఆ పిల్ల ప్రార్థన ఎప్పుడూ వ్యాసంలా ఉంటుంది, ముందు పరిచయం, మధ్యలో విషయం, 'నా దువ్వెన వాడుతున్నవాళ్ళకి సొంత దువ్వెన కొనుక్కునే మనసు దయచెయ్యి' అన్నది విషయం. ఆమెన్. ఆ దువ్వెన వాడుతున్నది నేనే, నా దువ్వెన పిల్లలు సబ్బునీళ్ళలో ముంచి బుడగలు ఊదడానికి తీసుకెళ్ళారు, ఆ మాట ఇప్పుడు చెప్పడానికి లేదు, ఆమెన్ పడిపోయింది. నా వంతు. గొంతు సవరించుకున్నాను. నేను చెప్పేయొచ్చు, ఒక్క వాక్యం, అయినా ఆయన కన్నవాళ్ళకి ఆయన చెప్పాల్సిన మాట నేను చెబితే, వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే కోడలు కొడుకుని విడదీసిందనే పేరు నా నెత్తిన పడుతుంది, అది చచ్చేదాకా పోదు. కాబట్టి దారి మాత్రం వేశాను. తండ్రీ, ఈ ఎండల్లో మమ్మల్నందరినీ కాపాడుతున్నందుకు వందనాలు అన్నాను, బళ్ళో నా పిల్లలందరినీ జ్ఞాపకం చేసుకో అన్నాను, నా తరవాత ప్రార్థన చేయబోతున్న నా భర్తకి ధైర్యం ఇవ్వు, ఆయన గుండెలో ఉన్న మాట ఏదీ దాచుకోకుండా బయటికి వచ్చేలా ఆయన నోటికి బలం ఇవ్వు, ఇప్పుడే, ఈ రోజే ఇవ్వు అన్నాను. ఇంతకంటే దారి వెయ్యాలంటే ఇక రోడ్డు రోలరు తేవాలి. ఆమెన్ అన్నారందరూ. పక్కన ఆయన గుటక వేసిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

ఆయన మొదలుపెట్టారు. ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రాలు. ఈ వేసవిలో పాడైపోయిన ప్రతి ఏసీనీ నీ చేతులకి అప్పగిస్తున్నాం. గ్యాసు కారిపోతున్న యంత్రాలున్నాయి ప్రభువా, గాలి రాని యంత్రాలున్నాయి, ఎంత బాగుచేసినా మళ్ళీ పిలిచే ఇళ్ళున్నాయి. నిచ్చెన ఎక్కినప్పుడల్లా నువ్వే పట్టుకున్నావు. సరే, నిచ్చెన దిగండి, నేల మీదికి రండి అనుకుంటున్నాను నేను మనసులో, ఆయన వస్తున్నారు, గొంతు మారింది, 'అలాగే తండ్రీ, మేమిద్దరం' అన్నారు, 'మేమిద్దరం ఒక ముఖ్యమైన' అన్నారు, ఆగారు. ఫ్యాను టిక్కుమంది. వంటింట్లో గిన్నె మూత జారింది. ఎవరి మోకాలో పటుక్కుమంది. నేను మోచేత్తో ఆయన డొక్కలో ఒక్క పోటు పొడిచాను, చెప్పండి అని నా భావం, చాలించండి అని ఆయనకి అర్థమైనట్టుంది, 'ఒక ముఖ్యమైన ఈ ఎండ వేడిమి నుంచి అందరినీ కాపాడు, ఆమెన్' అని టకటకా మూసేశారు. ఆమెన్ అన్నారందరూ. నా ఒళ్ళు మండిపోయింది. ఎండ ముఖ్యమైనదట. ఎదుటివాళ్ళ గోడకి కన్నం పెట్టమంటే జంకు లేదు, సొంత నాన్న ముందు మాట పెట్టమంటే నాలుక మడత పడిపోతుంది. ఒకసారి వంతు అయిపోతే మళ్ళీ రాదు, రాత్రి ప్రార్థన దాకా ఆగాలి, రాత్రికి ఆ పచ్చతలుపు లోపల ఇంకెవరో చీపురు పట్టుకుని ఊడుస్తుంటారు, నా కుళాయి వాళ్ళు తిప్పుతుంటారు. ఏడుపొచ్చింది నాకు, కళ్ళు మూసుకునే ఉన్నాను కాబట్టి ఎవరికీ కనపడలేదు, కనపడినా భక్తి అనుకుంటారు.

రెండో అక్కా, రెండో బావగారూ ఏం ప్రార్థన చేశారో నేను వినలేదు, ఆమెన్లు మాత్రం అన్నట్టున్నాను. తరవాత అక్క, అంటే పెద్ద తోడికోడలు. అక్క మంచిదే, కానీ ఆవిడ ప్రార్థన మొదలుపెడితే అందులో ఎవరికో ఒకరికి వాత ఉంటుంది, ఈ రోజు ఎవరికా అని అందరం ఊపిరి బిగబట్టి వింటాం. 'ఈ కుటుంబాన్ని ఒక్క కట్టుగా కట్టి ఉంచు తండ్రీ' అంది, 'ఎవరూ ఎటూ పోకుండా, ఎవరి మనసులోనూ వేరే పొయ్యి లేకుండా, అందరినీ ఈ ఒక్క చూరు కిందే ఉంచు, ఆమెన్.' ఆమెన్ అన్నారందరూ, నేనూ అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. నోరు దానంతటది అనేసింది, ఏళ్ళ తరబడి చర్చిలో నేర్పిన నోరు, బుర్రతో దానికి పనే లేదు, ఎక్కడ గొంతు కిందికి దిగితే అక్కడ ఆమెన్ అంటుంది. అయిపోయింది. నా గదుల్ని నేనే నా నోటితో పోగొట్టుకున్నాను. అక్కకి ఏమైనా తెలిసిందా, తెలియక అన్నదా, తెలిసి వాత పెట్టిందా, కళ్ళు తెరిచి ఆవిడ మొహం చూద్దామంటే కళ్ళు తెరవకూడదు. పెద్ద బావగారు మొదలుపెట్టారు, ఆయనకి లోకమంతా కావాలి, దేశాధినేతల దగ్గర మొదలుపెట్టి, యుద్ధాలు, భూకంపాలు, సముద్రం మీద ఉన్నవాళ్ళు, విమానాల్లో ఉన్నవాళ్ళు, ఒక్కొక్క ఖండమూ తిరిగి ఇంటికి వచ్చేసరికి మామూలుగా మా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఈ రోజు మాత్రం తిరగనీ అనుకున్నాను, ఎంత తిరిగితే అంత మంచిది, ఆయన తిరిగొచ్చాక ఇక మిగిలేది అత్తయ్య, మామయ్య. అత్తయ్యది రెండు ముక్కల ప్రార్థన, మామయ్య ఇప్పటికే నిద్రపోతున్నారు, ఆయన ఊపిరి కుర్చీలోంచి సన్నగా ఈల వేస్తోంది.

అత్తయ్య గొంతు వినిపించింది. ఆవిడ గొంతు ఎప్పుడూ వంటింట్లోంచి వచ్చినట్టే ఉంటుంది, ప్రార్థనలో కూడా. 'తండ్రీ, పొయ్యి మీద పాలున్నాయి, తొందరగా చెప్తాను. మూడోవాడికి చేతుల్లో పనితనం పెట్టావు, నోట్లో మాట పెట్టలేదు. వాణ్ణి కన్నది నేను కాబట్టి వాడి బదులు నేనే చెప్తున్నాను. వాడూ కోడలూ కళ్ళజోళ్ళ షాపు మీద రెండు గదులు చూసుకున్నారు. ఆ ఇంటావిడ చర్చిలో పాటలు పాడేటప్పుడు నా పక్కనే నిలబడుతుంది, మొన్న ఆదివారమే చెప్పింది. వాళ్ళని వెళ్ళనివ్వు. పెద్దకోడలు ఇందాక అడిగింది వేరే, నేను అడిగేది వేరే, నువ్వు పెద్దవాడివి, రెండూ ఎలా కుదురుతాయో చూసుకో. ఎవరూ మొహం మాడ్చుకోకుండా చూడు.' పక్కన మా ఆయన రాయైపోయారు. ఆమెన్ వస్తుందని చూశాను, రాలేదు. పొయ్యి మీద పాలున్న మనిషి ఆగిపోయింది, ఆవిడ ప్రార్థనలో అలా ఆగడం నేనెప్పుడూ వినలేదు. 'ఇంకొకటి' అంది. 'నాకోసం ఎప్పుడూ ఏదీ అడగలేదు, నీకు తెలుసు, మోకాళ్ళ నొప్పికి తప్ప. వాళ్ళిద్దరూ పగలు పనికి పోతారు. అప్పుడా ఇల్లు ఖాళీగా ఉంటుంది. దాని తాళంచెవి నాకొకటి ఇప్పించు. నేను వంట చెయ్యను. సర్దను. ఏదీ ముట్టుకోను. ఊరికే కూర్చుంటాను కాసేపు. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ నేనున్న గదిలో నేనొక్కదాన్నే ఉన్నది లేదు, స్నానాలగదిలో ఉన్నా తలుపు కొడుతూనే ఉంటారు. వీళ్ళంటే నాకు ప్రాణమే. కానీ కాసేపు ఎవరూ అమ్మా అని పిలవని చోట కూర్చోవాలని ఉంది. యేసు నామంలో అడుగుతున్నాను, ఆమెన్.'

గొంతు కిందికి దిగింది, నోళ్ళన్నీ వాటంతటవే ఆమెన్ అన్నాయి. అక్క అంది, ఇద్దరు బావగార్లూ అన్నారు, పిల్లలు అన్నారు, నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన మామయ్య అందరికంటే గట్టిగా, గోడలు మోగేలా అన్నారు. ఆ తరవాత గానీ ఏం జరిగిందో ఎవరికీ తలకెక్కలేదు, ఒక్కొక్కరికీ ఎక్కుతున్న చప్పుడు నాకు వినిపించినట్టే ఉంది, చీర సర్దుకున్న చప్పుడు, ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు, చిట్టి 'నానమ్మ ఎక్కడికెళ్తుంది' అని గుసగుసగా అడిగితే ఎవరో దాని నోరు మూసిన చప్పుడు. అందరూ అనేశాక, అందరికంటే ఆలస్యంగా, నేనూ అన్నాను, నా బుర్ర చెప్పగా నా నోరు అన్నది ఈ ఇంట్లో అదొక్కటే. మామయ్య ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు, ఆయన ఎప్పుడూ చేసేదే, నిద్రపోయినా మెలకువగా ఉన్నా ఒకేలా ఉంటుంది, 'ఇప్పటివరకూ నీ పిల్లలు నోరు తెరిచి అడిగిన ప్రతిదీ, ఒక్కటి కూడా తగ్గకుండా, అనుగ్రహించు తండ్రీ' అన్నారు. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆమెన్.

కళ్ళు తెరిస్తే అందరూ నేలవైపు చూస్తున్నారు, మామయ్య మాత్రం అందరినీ చూస్తున్నారు, ఏమైందర్రా అని. ఎవరూ చెప్పలేదు, రూలు ఆయనదే కదా. అక్క ఎర్రబడ్డ మొహంతో చాప చుట్టడం మొదలుపెట్టింది, మా ఆయన నావైపు చూసి తలూపారు, తనే చెప్పినట్టు. అత్తయ్య గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి పోయింది, నేనూ వెనకే వెళ్ళాను, క్షమించండి అనాలా, సంతోషం అనాలా, కాళ్ళ మీద పడి ఏడవాలా. ఇన్నాళ్ళూ ఆవిడకి జనం లేకపోతే ఊపిరాడదనుకున్నాను చూడండి, ఆ జనంలో నేనూ ఉన్నాను. పాలు పొంగిపోయి పొయ్యంతా తెల్లగా ఉంది, ఆవిడ గుడ్డ తీసుకుని తుడుస్తోంది, నావైపు తిరగలేదు.

'మీ బడులు తెరిచేది ఎప్పుడు' అంది.

'ఇంకా చాలా రోజులున్నాయి అత్తయ్యా. అప్పటిదాకా ఎందుకు, మేం వెళ్ళిన మర్నాడే రండి, నేనింట్లోనే ఉంటాగా' అన్నాను, ఆ క్షణాన ఆవిడ ఆ రెండు గదులూ తనకే ఇచ్చెయ్యమన్నా ఇచ్చేసేదాన్ని.

'అందుకే అడిగింది' అంది అత్తయ్య, గుడ్డ పిండుతూ. 'నువ్వున్నన్నాళ్ళూ రాను. ఏమనుకోకు, నువ్వు మంచిదానివే. కానీ నువ్వుంటే నువ్వుంటావుగా.'

నేనేమీ అనుకోలేదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ వీళ్ళందరితోనూ అనాలని గొంతు దాకా వచ్చి, అనలేక మింగుతున్న మాట అదే.